చేటలో ఆకు లేదు, వేళ్లు ఆగవు

బీడీలు చుట్టడం మీరు చూసే ఉంటారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు పిల్లలైతే ఇంట్లోనే రోజూ చూస్తుంటారు. ఒడిలో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. ఆకు తీసి, చిటికెడు తంబాకు పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లిస్తే బీడీ తయారు. ఆ ఆకు ఆదిలాబాదు అడవిలో కోసినదే కావచ్చు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే వేళ్ల వేగాన్ని మన కన్ను అందుకోలేదు.

ఇప్పుడు ఒక అవ్వను ఊహించుకోండి. పని చాలించింది. చేట గోడకు ఆనించి, చెయ్యి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆకు లేదు, తంబాకు లేదు. కాని బొటనవేలు చూపుడువేలి మీద దొర్లుతూనే ఉంది, సెకనుకు నాలుగైదు సార్లు. "ముప్పై ఏళ్లు చుట్టింది కదా, చేతికి అలవాటు పోలేదు" అని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. కొన్నాళ్లకు ఆ నవ్వు ఆగిపోతుంది. అవ్వ అడుగులు చిన్నవవుతాయి. రవిక హుక్కులు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది. మనవడు తమాషా చెప్పినా ముఖం కదలదు. "అవ్వకు నా మీద కోపం వచ్చింది" అనుకుంటాడు వాడు. కోపమేమీ లేదు. అవ్వ లోపల నవ్వుతూనే ఉంది. ముఖంలోని కండరాలు ఆ నవ్వును బయటికి తీసుకురావడం లేదు, అంతే.

ఇది అలవాటు కాదు, జబ్బు. దీన్ని గురించి 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వివరంగా రాశాడు కాబట్టి పార్కిన్సన్ జబ్బు అంటారు. మన ఆయుర్వేద వైద్యులు కంపవాతం అంటారు. పాశ్చాత్య వైద్య గ్రంథాల్లో ఈ వణుకును మందు మాత్రలు చుట్టే వేళ్లతో పోల్చారు. మాత్రలను చేతితో చుట్టే రోజుల్లో పెట్టిన పోలిక అది. మన కరీంనగర్ పిల్లలకు బీడీ పోలికే బాగా అర్థమవుతుంది.

ఇక్కడే ఒక మాట. ముసలివాళ్ల చేతి వణుకు ప్రతిదీ ఈ జబ్బు కాదు. టీ గ్లాసు ఎత్తినప్పుడే వణికి, చెయ్యి ఊరికే ఉంచితే ఆగిపోయే వణుకు వేరు. అది చాలామందిలో ఉంటుంది. పార్కిన్సన్ వణుకు సాధారణంగా దీనికి తలకిందులు. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు వణుకుతుంది, పనిలో పెట్టగానే తగ్గుతుంది. అందుకే అవ్వ నిజంగా బీడీ చుట్టేటప్పుడు మొదట్లో ఎవరికీ అనుమానం రాదు.

మరి జబ్బు ఎక్కడుంది? వేలిలో లేదు. మెదడు అడుగుభాగాన, మధ్యమెదడులో, నల్లగా కనిపించే రెండు చిన్న పట్టీలు ఉన్నాయి. అక్కడి నాడీకణాలు డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసి, కదలికలను నడిపే భాగాలకు పంపుతుంటాయి. ఈ జబ్బులో ఆ కణాలు ఒకటొకటిగా చచ్చిపోతాయి. బొటనవేలు దొర్లడం మొదలయ్యే నాటికే దాదాపు సగం పోయి ఉంటాయి. మెదడులో ఎన్నో వేల కోట్ల కణాలుంటే ఈ కొన్ని లక్షల కణాలే ఎందుకు ముందు చావాలి? దీనికి కారణాలు ఒకటి కాదు. కొన్ని మాంసకృత్తులు మడత తప్పి కణంలో ముద్దకట్టడం ఒక కారణం. కొన్ని కుటుంబాల్లో జన్యు లోపం ఒక కారణం. ఇవన్నీ ఏదో ఒక చోట కలిసేది మాత్రం ఒక ప్రశ్న దగ్గర: ఆ కణానికి శక్తి సరిపోతోందా?

మూడు పూసల దండ

జీవకణంలో ఖర్చయ్యే నాణెం పేరు ఎ.టి.పి. పూర్తి పేరు ఎడినొసిన్ ట్రై ఫాస్ఫేటు. ఒక దారానికి మూడు పూసలు గుచ్చారనుకోండి. ఆ పూసలే ఫాస్ఫేటులు. చివరి పూస తెగితే శక్తి వెలువడుతుంది. కండరం ముడుచుకున్నా, కన్ను చూసినా, మీరు ఈ వాక్యం చదువుతున్నా ఎక్కడో కోట్ల కోట్ల పూసలు తెగుతున్నాయన్నమాట. రెండు పూసలతో మిగిలినది ఎ.డి.పి. దానికి మళ్లీ మూడో పూస తగిలించి ఎ.టి.పి.గా మార్చాలి. ఏ క్షణాన చూసినా మన ఒంట్లో ఉండే ఎ.టి.పి. పావుకిలోకు మించదు. కాని ఒక రోజులో తెగి, మళ్లీ అతుక్కున్న దాన్నంతా తూకం వేస్తే దాదాపు మన బరువంత ఉంటుంది! అంటే నిల్వ చాలా తక్కువ, రాకపోకలు చాలా ఎక్కువ.

ఈ నాణేన్ని కనిపెట్టిన వారిలో మన తెలుగువాడు ఒకడు ఉన్నాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. 1923లో అమెరికా వెళ్లి హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశాడు. కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలవడానికి ఇద్దరూ కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ప్రయోగశాలల్లో విద్యార్థులు ఈ నీలాన్ని చేస్తూనే ఉన్నారు. ఆ కొలతలు తీసుకుంటూ ఉండగా లెక్క ఒకచోట కుదరలేదు. భాస్వరం క్షణక్షణానికీ పెరుగుతున్నట్టు కనిపించింది. ఇంకొకరైతే చేతి పొరపాటనుకుని పారబోసేవారేమో. వీళ్లు దాని వెంటపడ్డారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందనీ, అది సులువుగా తెగిపోయి భాస్వరాన్ని వదులుతోందనీ 1927లో తేల్చారు. 1929లో ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనుగొన్నాడు.

ఫాస్ఫోక్రియాటిన్ ఎందుకో తెలుసా? మీరు బడిలో పరుగుపందెంలో పాల్గొన్నప్పుడు మొదటి ఎనిమిది, పది సెకన్లు ప్రధానంగా దాని మీదే పరిగెత్తుతారు. రెండు పూసల ఎ.డి.పి.కి అది తన పూసను ఇచ్చేస్తుంది. గుమ్మిలో ధాన్యం ఉన్నా దంచి వండాలి కదా, దానికి ముందు ఆకలేస్తే చద్దిమూట విప్పుకున్నట్టు. నాడీకణంలోనూ ఈ చద్దిమూట ఉంది. కాని చాలా చిన్నది.

అన్నం వండేది ఎక్కడ? మైటోకాండ్రియా అనే చిన్న సంచుల్లో. మనం తిన్న పిండిపదార్థాల నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఇక్కడ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దిగుతూ, చివరికి ప్రాణవాయువును చేరతాయి. దిగేటప్పుడు వెలువడే శక్తితో హైడ్రోజన్ అయానులు ఒక పొరకు అటువైపు పోగుపడతాయి. పోచంపాడు ఆనకట్ట వెనుక గోదావరి నిలబడినట్టు నిలబడి, ఒక చిన్న చక్రం గుండా తిరిగి వస్తాయి. ఆ చక్రం నిజంగానే గిరగిరా తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా ఎ.డి.పి.కి మూడో పూస తగులుతుంది. ఎలక్ట్రాన్లు దిగే ఆ మొదటి మెట్టును గుర్తుపెట్టుకోండి. దానితో మనకు మళ్లీ పని పడుతుంది.

రామగుండంలో యాభై

కణానికి తన శక్తి తగ్గిందని ఎలా తెలుస్తుంది? దీనికి రామగుండం వెళ్లి వద్దాం.

పాత కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో ఉన్న రామగుండం ఉష్ణ విద్యుత్కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగింది. 1983లో మొదటి యూనిట్ మొదలైంది. తరువాత 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తం 2600 మెగావాట్ల కేంద్రమైంది. సింగరేణి బొగ్గు, గోదావరి నీళ్లు. అక్కడి పెద్ద చక్రాలు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. సెకనుకు 50 అన్నమాట. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగడానికి కారణం ఇదే.

సాయంత్రం అందరూ ఒక్కసారే లైట్లు వేశారు, చేలల్లో బావి మోటార్లు ఆన్ చేశారు. భారం పెరిగింది. బరువు లాగే ఎద్దు నడక మందగించినట్టు చక్రాల వేగం రవ్వంత తగ్గుతుంది. నియంత్రణ గదిలో ముల్లు 50 నుంచి 49.8కి, 49.5కి దిగుతుంది. మీ ఇంట్లో బల్బు బాగానే వెలుగుతూ ఉంటుంది, మీకు ఏమీ తెలియదు. కాని అక్కడి ఇంజనీరుకు తెలుస్తుంది. ఉత్పత్తి పెంచమని ఒక కబురు వెళ్తుంది. ఇంకా దిగితే కొన్ని ఊళ్లకు కరెంటు తీసేయమని మరో కబురు వెళ్తుంది. దాన్నే లోడ్‌షెడ్డింగు అంటాం. మనం తిట్టుకుంటాం గాని, అది చేయకపోతే చక్రాలు ఇంకా మందగించి, కేంద్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఒకదాని తరువాత ఒకటి ఆగిపోతాయి. 2012 జులై 30న, 31న ఉత్తర భారతంలో కేంద్రాలు అలా వరసగా ఆగిపోయాయి. రెండో రోజున 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతాలు చీకట్లో ఉండిపోయాయి. దక్షిణాది వలయం అప్పటికి ఆ వలయంతో ఒకే లయలో ముడిపడి లేదు కాబట్టి రామగుండం తిరుగుతూనే ఉంది.

జీవకణంలోనూ ఇలాంటి ముల్లు ఒకటి ఉంది. ఎ.టి.పి. తగ్గుతున్నప్పుడు కణం ఒక చిట్కా ప్రయోగిస్తుంది. రెండు ఎ.డి.పి.లను, అంటే రెండేసి పూసలున్న రెండు దారాలను దగ్గరికి చేర్చి, ఒకదాని పూస ఇంకొకదానికి గుచ్చుతుంది. ఒకటి మూడు పూసల ఎ.టి.పి. అవుతుంది. ఇంకొకటి ఒంటి పూసతో మిగులుతుంది. అది ఎ.ఎం.పి. మామూలుగా కణంలో ఎ.ఎం.పి. చాలా తక్కువ. కాబట్టి ఎ.టి.పి. నూటికి పది పాళ్లు తగ్గేసరికి ఎ.ఎం.పి. ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. చిన్న నష్టానికి పెద్ద గంట మోగుతుందన్నమాట. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. నేరుగా ఎ.టి.పి.నే కొలుస్తూ కూర్చుంటే ఆ పది పాళ్ల తేడా పట్టుబడదు.

ఆ గంట వినే ఎంజైము పేరు ఎ.ఎం.పి.కె. స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయంలో గ్రేమ్ హార్డీ, ఆయన తోటివారు 1980ల చివరలో దాన్ని గుర్తించి ఆ పేరు పెట్టారు. ఎ.ఎం.పి. వచ్చి అతుక్కోగానే అది మేల్కొని మన ఇంజనీరు చేసే పనే చేస్తుంది. కొవ్వు తయారీ ఆపు, కొత్త మాంసకృత్తుల తయారీ తగ్గించు, చక్కెర ఎక్కువ తెప్పించు, పాడైన మైటోకాండ్రియాను విప్పి పారవేయి, కొత్తవి కట్టించు. మీరు ఆటలాడి అలసినప్పుడల్లా మీ కాలి కండరాల్లో ఈ గంట మోగుతూనే ఉంటుంది. కాలి కండరం దాన్ని విని ఊరుకుంటుంది. మీరు చెట్టు కింద కూర్చుంటారు. అరగంటలో అంతా సర్దుకుంటుంది.

నాడీకణం అలా చెట్టు కింద కూర్చోలేదు. దాని కష్టమంతా ఇదే.

మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు. అది వాడుకునే ప్రాణవాయువు నూటికి ఇరవై పాళ్లు. ఇంత ఖర్చు ఆలోచనకు అనుకుంటారు కదూ? చాలామటుకు తోడిపోయడానికి. నాడీకణంలో వార్త నడవాలంటే సోడియం అయానులు లోపలికి దూకాలి, పొటాషియం బయటికి పోవాలి. వార్త నడిచాక వాటిని మళ్లీ తమ తమ చోట్లకు చేర్చాలి. కణం పొరలో ఉన్న పంపు ఒక్కో ఎ.టి.పి.కి మూడు సోడియంలను బయటికి తోడి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. బొగ్గుగనిలో ఊట నీళ్లు తోడే పంపులాంటిది ఇది. బొగ్గు తవ్వినా తవ్వకపోయినా పంపు నడవాలి. ఆగితే గని మునుగుతుంది. కాబట్టి నాడీకణం దగ్గర లోడ్‌షెడ్డింగుకు దొరికేది చాలా తక్కువ. కొవ్వు తయారీ ఆపవచ్చు, ఇంకేదో తగ్గించవచ్చు. పంపుకు మాత్రం కరెంటు తీయడానికి వీల్లేదు.

ఇక మన నల్లపట్టీ కణాల సంగతి మరీ ఘోరం. మిగతా నాడీకణాల్లో చాలా వాటికి వార్త వచ్చినప్పుడే పని. ఇవి ఎవరూ అడగకపోయినా సెకనుకు రెండు మూడు సార్లు తమంతట తామే టిక్కు టిక్కుమంటూ ఉంటాయి. పగలూ రాత్రీ, అరవై డెబ్బై ఏళ్లు. టిక్కుమన్న ప్రతిసారీ కాల్షియం లోపలికి వస్తుంది. దాన్నీ తోడాలి. పైగా ఒక్కో కణం నుంచి బయలుదేరిన తీగ చెట్టు కొమ్మల్లా చీలి, పది లక్షలకు పైగా చోట్ల ఇతర కణాలను తాకుతుందని అంచనా. ఆ కొసలన్నిటి దగ్గరా శక్తి ఉండాలి. అందుకని మైటోకాండ్రియాను కణం మధ్యలో తయారుచేసి, సన్నని పట్టాల లాంటి నాళికల మీద కొసలకు తోలుతుంది. కాజీపేట - బల్లార్షా లైను మీద బొగ్గు వ్యాగన్లు పోవడం చూశారు కదా? ఇక్కడ బొగ్గుకు బదులు విద్యుత్కేంద్రమే వ్యాగనెక్కి పోతుంది!

మెట్టు విరిగితే

ఈ కణాలు శక్తి చాలక చస్తాయని ఎలా తెలిసింది? ఒక విషాదం వల్ల. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందును సూదితో ఎక్కించుకున్నారు. కొద్ది రోజుల్లోనే కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయారు. మాట లేదు, కదలిక లేదు. డెబ్బై ఏళ్ల ముసలివాళ్లలో ఏళ్ల తరబడి ముదిరిన పార్కిన్సన్ జబ్బు ఎలా ఉంటుందో, ఆ పడుచువాళ్లు అచ్చం అలా ఉన్నారు. డాక్టరు విలియం లాంగ్‌స్టన్, ఆయన తోటివారు ఆరా తీశారు. తయారీలో పొరపాటు జరిగి ఆ మందులో ఎం.పి.టి.పి. అనే పదార్థం కలిసిందని తేలింది. అది మెదడులోకి వెళ్లి రూపం మారి, డోపమైన్ కణాలు తమ డోపమైన్‌ను తిరిగి తెచ్చుకునే ద్వారం గుండానే వాటిలో దూరుతుంది. దూరి ఏం చేస్తుంది? మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు దిగే ఆ మొదటి మెట్టును మూసేస్తుంది. గుర్తుపెట్టుకోమన్నది ఈ మెట్టునే.

1989లో లండను శాస్త్రజ్ఞులు మామూలు పార్కిన్సన్ రోగుల మెదళ్లను, వారు చనిపోయాక పరీక్షించారు. నల్లపట్టీలో అదే మొదటి మెట్టు బలహీనంగా ఉంది. వీరెవరూ ఎం.పి.టి.పి. ఎరగరు. 2000లో అట్లాంటాలో రోటినోన్ అనే పురుగుమందును ఎలుకలకు కొద్దికొద్దిగా ఎక్కించారు. అదీ ఆ మెట్టును మూసేదే. ఎలుకల్లో అవే కణాలు చచ్చాయి. 2011లో అమెరికాలో రైతుల మీద జరిపిన పరిశీలనలో రోటినోన్ గాని, పారాక్వాట్ అనే కలుపుమందు గాని వాడినవారిలో ఈ జబ్బు దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనబడింది. పారాక్వాట్ మన పత్తి చేలకు కొత్త పేరు కాదు. పిచికారీ చేసిన చేలో బడి పిల్లలు ఆడటం, ఖాళీ అయిన డబ్బా కడిగి నీళ్లకు వాడటం నేను చూశాను. ఆ డబ్బా ఎంత కడిగినా అది నీళ్ల డబ్బా కాదు.

పప్పు గింజలో కూడా ఇలాంటి విషం ఉంటుందంటే నమ్ముతారా? ఆదిలాబాదుకు పెన్‌గంగ అవతల విదర్భలో కేసరి పప్పు పండిస్తారు. మనవాళ్లు దాన్ని లంక పప్పు అంటారు. కరువు రోజుల్లో నెలల తరబడి అదే ప్రధాన ఆహారంగా తిన్నవారికి కాళ్లు బిగుసుకుపోయేవి, మళ్లీ బాగయ్యేవి కావు. బెంగళూరులో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ 1964లో అందులోని విషాన్ని వేరుచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న విజయలక్ష్మి రవీంద్రనాథ్, ఆమె తోటివారు ఎలుకల మీద పరిశోధించి చూస్తే ఆ విషం కూడా మైటోకాండ్రియాలోని మొదటి మెట్టునే దెబ్బతీస్తోందని 1998లో తేలింది. చచ్చే కణాలు వేరు, విరిగే మెట్టు ఒకటే.

మెట్టు విరిగాక కణం వెంటనే చావదు. గంట మోగుతుంది. ఎ.ఎం.పి.కె. లేస్తుంది. పొదుపు మొదలవుతుంది. పాడైన మైటోకాండ్రియాకు గుర్తు వేసే పని ఒకరిది, గుర్తు చూసి చెత్తకు పంపే పని ఇంకొకరిది. పింక్-1, పార్కిన్ అని వీళ్ల పేర్లు. ఈ రెంటిలో ఒకదాని జన్యువు పుట్టుకతోనే చెడిపోయిన కుటుంబాల్లో పడుచు వయసులోనే పార్కిన్సన్ జబ్బు వస్తుంది. చెత్త తీయకపోతే ఏమవుతుందో దీన్ని బట్టే తెలిసింది. అంటే చాలా ఏళ్లపాటు ఈ కణాలు లోలోపల మరమ్మతు చేసుకుంటూ నెట్టుకొస్తాయి. అవ్వ అప్పటికి వేగంగా బీడీలు చుడుతూనే ఉంటుంది.

తరువాత ఒక రోజు పంపు వెనుకబడుతుంది. సోడియం పేరుకుంటుంది, కాల్షియం వరదలా వస్తుంది. ఆ కాల్షియాన్ని మైటోకాండ్రియా మింగి మింగి, చివరికి వాటి పొర చిల్లుపడుతుంది. చిల్లులోంచి సైటోక్రోమ్-సి అనే చిన్న మాంసకృత్తి బయటికి కారుతుంది. అంతవరకు అది ఎలక్ట్రాన్లను ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మోసిన నమ్మకమైన కూలి. సంచి లోపల ఉన్నంతసేపు ప్రాణం పోసేది, సంచి దాటి బయటపడితే మరణ వార్త అవుతుంది. 1996లో అమెరికాలో షియావోడాంగ్ వాంగ్, ఆయన తోటివారు దీన్ని కనుగొన్నప్పుడు చాలామంది నమ్మలేకపోయారు. అది కనబడగానే కణంలో నిద్రపోతున్న కొన్ని ఎంజైములు లేచి, కణాన్ని లోపలి నుంచే ముక్కలు ముక్కలుగా కోసేస్తాయి. పేలుడు ఉండదు, చీము ఉండదు. ఇల్లు ఖాళీ చేసినట్టు చక్కగా సర్దుకుని కణం కనుమరుగవుతుంది. మన చర్మంలో అయితే పక్క కణం రెండుగా చీలి ఆ చోటు నింపుతుంది. నాడీకణాలు అలా చీలవు. పోయింది పోయినట్టే.

ఎ.ఎం.పి.కె.ను మందుతో మేల్కొలిపితే నాడీకణాలు బతుకుతాయా అని ఎంతోమంది ప్రయత్నిస్తున్నారు. కొన్ని ప్రయోగాల్లో బతికాయి. మరికొన్ని ప్రయోగాల్లో గంట మరీ ఎక్కువసేపు మోగితే ఆ ఎంజైమే కణాన్ని చావు దారి పట్టించింది. వచ్చే ఏళ్లలో మీలో ఎవరైనా ఈ చిక్కుముడి మీద పనిచేయవచ్చు.

దూల పుట్టించే కాయ

ఇంతకూ అవ్వకు మందు లేదా? ఉంది. అది మన అడవిలోనూ ఉంది.

దూలగొండి తీగ మీకు తెలుసు. తెలిసీ దాని జోలికి పోరు. కాయ మీద బంగారు రంగు నూగు ఉంటుంది. అది తగిలితే ఒళ్లంతా దూల, గంటసేపు గోక్కోవడమే. ఆ కాయలోని గింజల్లో నూటికి నాలుగైదు పాళ్ల దాకా ఎల్-డోపా అనే పదార్థం ఉంది. మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లో ఈ గింజల నుంచి దాన్ని వేరుచేశారు. అది మెదడుకు ఎందుకు పనికివస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధ వేరులోని మందే. కుందేళ్లు చెవులు వాల్చి కదలక పడిపోయాయి. వాటికి డోపా ఇవ్వగానే లేచి గెంతాయి. 1960లో వియన్నాలో హోర్నికివిచ్ పార్కిన్సన్ రోగుల మెదళ్లలో డోపమైన్ దాదాపు లేదని చూపాడు. 1967లో న్యూయార్కులో కోట్జియాస్ డోపాను పెద్ద మోతాదులో నోటి ద్వారా ఇచ్చి రోగులను నడిపించాడు. ఆ మందు ఇప్పటికీ ఈ జబ్బుకు ముఖ్యమైన మందు.

డోపమైన్‌నే ఇవ్వవచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. మెదడు రక్తనాళాల గోడలు దాన్ని లోపలికి రానివ్వవు. ఎల్-డోపాను రానిస్తాయి. లోపలికి వెళ్లాక మిగిలిన కణాలు దాన్ని డోపమైన్‌గా మార్చుకుంటాయి. 2004లో లండనులో ఎనిమిదిమంది రోగులకు దూలగొండి గింజల పొడి ఇచ్చి చూస్తే మామూలు మాత్ర కన్నా త్వరగా పనిచేసింది. అలాగని అడవికి వెళ్లి కోసుకొచ్చి అవ్వకు పెట్టకండి! ఒక గింజలో ఉన్నంత మందు ఇంకో గింజలో ఉండదు. ఎక్కువైతే వాంతులు, లేనివి కనిపించడం, ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం. మోతాదు డాక్టరు చూడాల్సిన లెక్క.

ఇంకో సంగతి కూడా అవ్వకు చెప్పాలి, దాచకూడదు. ఈ మందు డోపమైన్‌ను ఇస్తుంది గాని పోయిన కణాన్ని తేదు, పోబోయేదాన్ని ఆపదు. మాత్ర వేసుకున్న అరగంటకో గంటకో అవ్వ లేచి తన రవిక హుక్కులు తానే పెట్టుకుంటుంది, మనవడి తమాషాకు నవ్వుతుంది కూడా. కొన్ని గంటలకు మళ్లీ అడుగులు చిన్నవవుతాయి. అందుకే వేళ తప్పకూడదు. ఆ వేళలు గోడ మీద రాసి, గడియారం చూసి అవ్వకు మాత్ర అందించే పని ఇంట్లో మీరు తీసుకోవచ్చు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి అనుమానం ఉంటే డాక్టరు చేసే పరీక్ష ఒకటి మీరూ చూడవచ్చు. బొటనవేలు, చూపుడువేలు వీలైనంత దూరం చాచి, మళ్లీ తాకించమనండి. వేగంగా పదిహేనుసార్లు. ముందు కుడిచెయ్యి, తరువాత ఎడమచెయ్యి. ఈ జబ్బు సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది కాబట్టి రెండు చేతులూ పోల్చి చూడాలి. ఆ పక్క వేళ్ల మధ్య దూరం ఒక్కోసారికీ తగ్గుతూ వస్తే, చెయ్యి ఒడిలో ఊరికే ఉన్నప్పుడు బీడీ చుడుతున్నట్టు వేళ్లు కదులుతుంటే, ఆ సంగతి ఎప్పటి నుంచి ఉందో ఒక కాగితం మీద రాయండి. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం పెద్దవాళ్ల చేతికి ఇవ్వండి. కొత్త చోట, కొత్త మనిషి ముందు అవ్వ చెయ్యి కదలకుండా గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. డాక్టరుకు కనబడనిది మీ కాగితంలో కనబడుతుంది.